ఛాతీ మీద చెయ్యి

మా మసీదులో ఎవరికీ రాసిపెట్టిన చోటు లేదు. ముందు వచ్చినవాడు ముందు వరుసలో నిలబడతాడు, అంతే. అయినా కుడి గోడ పక్కన, కిటికీ కింద వేసిన కుర్చీ ఆయనదని అందరికీ తెలుసు. మోకాళ్లు వంగక ఆయన కుర్చీలోనే నమాజు చేసేవారు. శుక్రవారం జుమా నమాజు ముగియగానే ఆ కుర్చీ చుట్టూ జనం మూగేవారు. మొరాకో వాళ్లు, అల్జీరియా వాళ్లు, ఈజిప్టు వాళ్లు, టెక్సస్‌లోనే పుట్టి అరబిక్ సరిగా రాని వాళ్ల పిల్లలు.

ఆయన ఒకప్పుడు మొరాకో జాతీయ జట్టులో డిఫెండర్. గోల్ కొట్టడం కాదు, కొట్టనివ్వకపోవడం ఆయన పని. ఆట మానేసి దశాబ్దాలు దాటింది. భార్య పోయాక డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్న కూతురి దగ్గరికి వచ్చేశారు. అందరూ ఆయన్ని క్యాప్టెన్ అనేవారు, కొంతకాలం జట్టుకు నాయకత్వం వహించారు కాబట్టి.

ఆయనతో చేయి కలిపిన ప్రతివాడూ ఆ చేతిని వెనక్కి తీసుకుని తన గుండెల మీద పెట్టుకునేవాడు. అది వాళ్ల దేశంలో మామూలు మర్యాదే. కానీ ఆయన దగ్గర ఆ మర్యాద అక్కడితో ఆగేది కాదు. వాళ్లు తమ ఛాతీ మీద దబదబా కొట్టుకుని నవ్వేవారు. ఆయనా నవ్వేవారు. కాసేపటికి నా వైపు చూసి, "ఇక పోదామా?" అనేవారు. ఆయన్ని ఇంటి దగ్గర దించే పని నాది.

ఆ దబదబ వెనుక ఒక పాత మ్యాచ్ ఉంది. ఓడిపోతే ఇంటికి, గెలిస్తే పై పోటీకి. ఆఖరి నిమిషాల్లో అవతలి జట్టు ఫార్వర్డ్ బంతిని కొట్టాడు, గోల్‌కీపర్ నేల మీద పడి ఉన్నాడు, గోల్ గీత మీద నిలబడి ఉన్న ఈయన ఛాతీతో ఆపేశారు. మొరాకో గెలిచింది. వీధుల్లో జనం తెల్లార్లూ పాడుకున్నారట. మసక మసకగా ఉండే ఆ వీడియో మా మసీదులో దాదాపు ప్రతి అరబ్బు ఫోన్‌లోనూ ఉంది. మొన్నటి ప్రపంచ కప్‌లో మొరాకో ఎవరూ ఊహించనంత దూరం వెళ్లినప్పుడు కుర్రాళ్లు దాన్ని మళ్లీ తవ్వి తీశారు. దాంతో ఆయన పేరు పాతబడడం మాట అటుంచి కొత్తగా మొదలైంది. పెట్రోలు బంకులో కౌంటర్ వెనకాల ఉన్నవాడు బయటికి వచ్చి కౌగిలించుకునేవాడు. మాంసం కొట్టువాడు ఆయన పొట్లం వేరే కట్టేవాడు.

నాకు ఫుట్‌బాల్ తెలియదు. మాది గుంటూరు జిల్లా. మా తాతలు దూది ఏకి పరుపులు కుట్టేవాళ్లు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, దేవుణ్ని వేడుకునే దువా కూడా తెలుగులోనే చేసుకుంటాం. అందుకు మసీదులో నా హైదరాబాదీ మిత్రుడు ఒకడు ఎప్పుడూ ఆటపట్టించేవాడు. "మియా, నువ్వు ఉర్దూల మాట్లాడకు. నీ ఉర్దూ ఇంటే మా అమ్మీ నవ్వు ఆపుకోదు. నీ తెలుగే నయం, సగమన్న సమజైతది" అని. నాకు తెలిసిన ఆట క్రికెట్ ఒక్కటే. క్యాప్టెన్‌కి నేను నచ్చింది అందుకే. మొదట్లోనే ఒకసారి కారెక్కి అడిగారు.

"నీకు నేనెవరో తెలుసా?"

"మా వీధి వెనకాల ఉండే పెద్దాయన."

"మ్యాచ్ చూశావా?"

"లేదు సర్. చూసినా నాకు అర్థం కాదు."

"అల్హందులిల్లా, దేవుడి దయ," అని సీటు వెనక్కి వాల్చుకుని కళ్లు మూసుకున్నారు.

కూతురు ఆస్పత్రిలో నర్సు. ఆమె షిఫ్టులో ఉన్న రోజుల్లో ఆయనకు కదలడానికి దారి లేదు. కారు లేకపోతే పాల డబ్బా కూడా దొరకని ఊరు మాది. నాది ఇంటి నుంచి చేసే ఉద్యోగం కాబట్టి మధ్యాహ్నం, సాయంత్రం నమాజులకు ఆయన్ని తీసుకెళ్లేవాణ్ని. ఆదివారం నేను మసీదులో పిల్లలకు పాఠం చెప్పేవాణ్ని. అది అయ్యేదాకా ఆయన వెనక బెంచీలో కూర్చునేవారు.

ఒక ఆదివారం హక్కుల పాఠం వచ్చింది. మనం చేసే తప్పులు రెండు రకాలని చెప్పాను. దేవుడి విషయంలో చేసిన తప్పును దేవుడు క్షమిస్తాడు, ఏడ్చి అడిగితే చాలు. మనిషి విషయంలో చేసిన తప్పును ఆ మనిషే క్షమించాలి. అతను క్షమించకపోతే లెక్క తీర్పు రోజుకు మిగిలిపోతుంది. ఆ రోజు ఒకడు బోలెడు నమాజులు, బోలెడు ఉపవాసాలు మోసుకుని వస్తాడు. వాడి చేత తిట్లు, దెబ్బలు, నిందలు పడ్డవాళ్లు వరుసగా వచ్చి ఆ పుణ్యంలో తలా కొంత పట్టుకుపోతారు. పంచడానికి ఏమీ మిగలనప్పుడు వాళ్ల పాపాలు తెచ్చి వీడి నెత్తిన పెడతారు.

"అంకుల్, మా బ్రదర్ నా చార్జర్ తీసుకున్నాడు. వాడి నమాజ్ నాకు వస్తుందా?" అని ఒక పిల్ల అడిగింది.

"వాడు నమాజే చెయ్యడు. నీకేం రాదు," అంది పక్క పిల్ల.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వెనక బెంచీలో ఆయన నవ్వలేదు.

కారెక్కాక ఆయన సీటు బెల్టు పెట్టుకోలేదు. కారు కీచుకీచుమంటూనే ఉంది. నేను బండి కదపలేదు.

"ఛాతీ కాదు," అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయన కుడి ముంజేతిని అడ్డంగా ఛాతీకి ఆనించి చూపించారు. "బంతి ఇక్కడ తగిలింది. మా ఆటలో చెయ్యి వాడకూడదు. రిఫరీ నా వెనక ఉన్నాడు. ఒక్కడే చూశాడు, బంతి కొట్టినవాడు. వెళ్లి రిఫరీ మీద అరిచాడు. రిఫరీ నా దగ్గరికొచ్చి అడిగాడు, చెయ్యి తగిలిందా అని."

"మీరేమన్నారు?"

"అల్లాహ్ మీద ఒట్టు వేసి లేదన్నాను."

కారు ఇంకా కీచుమంటోంది. ఆయన మాట విన్న ఆ ఫార్వర్డ్ రిఫరీని తోసేశాడట. ఎర్రకార్డు చూపించి బయటికి పంపేశారు. తర్వాత చాలాకాలం ఆడనివ్వలేదు. ఆడనిచ్చేసరికి జట్టులో అతని చోటు పోయింది. సొంత దేశంలోనే ఓటమి తట్టుకోలేని అబద్ధాలకోరు అని పేరు పడింది. "నేను ఛాతీ, అతను నోరు. మా ఇద్దరికీ అలా పేర్లు మిగిలాయి," అన్నారు ఆయన. "నువ్వు పిల్లలకి చెప్పావే, అది ఆటలకి కూడా వర్తిస్తుందా?"

కనుక్కుని చెబుతానన్నాను. ఎవరి పేరూ చెప్పకుండా మా ఇమాంగారిని అడిగాను. ఆటలో మోసం ఆటదే కావచ్చు, కానీ దేవుడి మీద వేసిన అబద్ధపు ఒట్టు వల్ల ఒకడి పరువు పోయింది కాబట్టి అది మనిషి హక్కే, ఆ మనిషి బతికుంటే వెళ్లి అడగడం తప్ప దారి లేదు అన్నారు.

ఆ మనిషి బతికే ఉన్నాడు. ఎక్కడున్నాడో క్యాప్టెన్‌కి ఏళ్లుగా తెలుసు. హ్యూస్టన్‌లో టైర్ల షాపు. మేము ఉండే చోటి నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరే దూరం.

మా ఆవిడకు నేను సంగతి చెప్పలేదు. దారిలో తినడానికి చపాతీలు చుడుతూ అడిగింది. "ఏవండీ, హ్యూస్టన్‌లో ఏం పని?"

"పెద్దాయన పాత స్నేహితుణ్ని కలవాలంట."

"స్నేహితుణ్ని కలవడానికి వెళ్లే మొహమేనా అది? నిన్న మసీదు దగ్గర చూశాను. ఆపరేషన్‌కి వెళ్లేవాడిలా ఉన్నాడు."

దారంతా ఆయన పెదాలు కదుపుతూనే ఉన్నారు. చపాతీలు ముట్టలేదు. షాపు పెద్ద రోడ్డు పక్కనే ఉంది. బయట టైర్లు నిలువుగా పేర్చి ఉన్నాయి. గ్రీజు మరకల చొక్కాతో ఒక పొడుగాటి నల్లటి మనిషి లోపల నుంచి వచ్చాడు. తల పూర్తిగా నెరిసింది. ఇద్దరూ ఒకరినొకరు వెంటనే గుర్తుపట్టారు. ఎవరూ సలాం చెప్పకముందే పక్కన కారుకు టైరు మార్పించుకుంటున్న ఒక మొరాకో కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు.

"క్యాప్టెన్? మీరు క్యాప్టెన్ కదూ? మా నాన్న ఇప్పుడు నన్ను నమ్మడు."

వాడు తన ఫోన్‌ని షాపాయన చేతిలో పెట్టాడు. "అంకుల్, ఒక్క ఫొటో తీస్తారా?"

ఆ ఫోన్ ఎవరి చేతిలో పెట్టాడో వాడికి తెలియదు. షాపాయన ఫోన్ పైకెత్తి, ఒక కన్ను మూసి చూశాడు. "క్యాప్టెన్, ఛాతీ మీద చెయ్యి పెట్టుకో. బాగా వస్తుంది," అన్నాడు.

క్యాప్టెన్ పెట్టుకున్నారు. ఫొటో తీసి షాపాయన ఫోన్ తిరిగిచ్చేశాడు. నేను టైర్ల వైపు చూస్తూ నిలబడ్డాను.

లోపల చిన్న గదిలో కూర్చున్నాం. క్యాప్టెన్ చెప్పవలసిందంతా చెప్పారు. ఇంగ్లిష్‌లో మొదలుపెట్టి ఫ్రెంచ్‌లోకి వెళ్లి, నేను ఉన్నానని గుర్తొచ్చి మళ్లీ ఇంగ్లిష్‌లోకి వచ్చారు. చివర్లో చెయ్యి చాచి, "నన్ను క్షమించు," అన్నారు.

షాపాయన ఆ చెయ్యి వైపు చూశాడు. "ఇది చెప్పడానికి ఇంత దూరం వచ్చావా? నాకు తెలియనిదా ఇది? నేను చూశాను కదా."

"అవును."

"తెలియనివాళ్లకి చెప్పు. ఆ కుర్రాడికి చెప్పు. మీవాళ్లందరికీ చెప్పు. అందరి ముందూ చెప్పి, తర్వాత నాకు ఫోన్ చెయ్యి. అప్పుడు చూద్దాం."

తిరుగు ప్రయాణంలో క్యాప్టెన్ చపాతీలు తిన్నారు. పచ్చడి కారంగా ఉందన్నారు, ఇంకొంచెం వేయమన్నారు. కిటికీ దించి గాలి పీల్చుకున్నారు. ఆయన్ని అలా చూసింది ఆ ఒక్కసారే.

ఇమాంగారికి ఇప్పుడు అంతా చెప్పక తప్పలేదు. ఆయన మొదట సందేహించారు. దేవుడు కప్పిన తప్పును మనమే విప్పి చూపించుకోవడం మంచిది కాదంటారు మా పెద్దలు. కానీ అవతలివాడి పరువు ఇందులో ఇరుక్కుని ఉంది, అది తిరిగి ఇవ్వాలంటే వేరే దారి కనిపించడం లేదని చివరికి ఒప్పుకున్నారు.

ఆ శుక్రవారం నమాజు అయ్యాక క్యాప్టెన్ కిటికీ గట్టు పట్టుకుని కుర్చీలోంచి లేచారు. మొదట అరబిక్‌లో, తర్వాత ఇంగ్లిష్‌లో చెప్పారు. బంతి చేతికి తగిలిందని, తాను దేవుడి మీద అబద్ధపు ఒట్టు వేశానని, ఆ ఫార్వర్డ్ చెప్పిందే నిజమని, అతని పేరు చెప్పి అతను నిర్దోషి అని. ఆయన గొంతు ఎక్కడా తడబడలేదు. చెయ్యి ఎత్తి, బంతి తగిలిన చోటు చూపించారు.

 నేను తల వంచుకుని, ఇక ఆయన భారం దిగిందనుకున్నాను.

వెనక వరుసలో ఒక ముసలాయన నవ్వాడు. సంతోషంతో నవ్వాడు. ఏదో గట్టిగా అన్నాడు. పక్కనున్నవాణ్ని అడిగితే, "మా కోసం అబద్ధపు ఒట్టు కూడా వేశాడు, సింహం, అంటున్నాడు," అని చెప్పాడు. ఆ తర్వాత ఎవరో చప్పట్లు కొట్టారు. మసీదులో చప్పట్లు కొట్టకూడదని ఇమాంగారు చేతులు ఊపుతూనే ఉన్నారు, ఎవరూ ఆగలేదు. కుర్చీ చుట్టూ మూగారు. "ఈ చెయ్యేనా? ఇక్కడేనా?" అంటూ ఒకడి తర్వాత ఒకడు ఆయన ముంజేతిని ముద్దుపెట్టుకున్నారు. ఆయన "లేదు, లేదు, వినండి," అంటూనే ఉన్నారు. ఎవరూ వినలేదు. జనం మధ్య ఆయన మొహం నాకు కనపడలేదు, పైకెత్తి పట్టుకున్న చెయ్యి ఒక్కటే కనపడింది.

మర్నాటికి ఆ వీడియో అన్ని చోట్లా ఉంది. మొరాకోలో టీవీలో కూడా వేశారట. నా హైదరాబాదీ మిత్రుడు మెరిసే కళ్లతో వచ్చాడు.

"మియా, నేను తీసిన వీడియో ఎంత మంది చూసిన్రో తెల్సా? మన మసీదు పేరు ఎక్కడికో పోయింది."

"అది తీసెయ్."

"నేను తీసేస్తే ఏమైతది? అందరి దగ్గర ఉంది. అయినా ఎందుకు తీయాలె? మంచి పని చేసిండు కదా పెద్దాయన. దేశం కోసం చేసిండు, మళ్ల నిజం జెప్పిండు. డబల్ గొప్పోడు."

వాడి తప్పేమీ లేదు. అక్కడున్న ఎవరి తప్పూ లేదు. వాళ్లు ఆయన్ని ప్రేమించారు, అంతే. అప్పటి నుంచి ఆయనతో చేయి కలిపేవాళ్లు ఛాతీ కొట్టుకోవడం మానేసి ముంజేతిని తట్టుకోవడం మొదలుపెట్టారు. పేరు ఏమీ తగ్గలేదు. అబద్ధంతో వచ్చింది నిజంతో రెట్టింపయింది.

మాట ప్రకారం హ్యూస్టన్‌కి ఫోన్ చేశాం. నా కారులోనే, స్పీకర్ పెట్టి.

"చూశాను," అన్నాడు షాపాయన. "నా కొడుకు చూపించాడు. కింద అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. పాత వీడియో కూడా అతికించారు, నేను రిఫరీ మీద అరుస్తున్నది. దానికి పాట కూడా కట్టారు. ఇన్నాళ్లూ నేను అబద్ధాలకోరుని. ఇప్పుడు జోకుని."

"నేను దాని కోసం చెప్పలేదు," అన్నారు క్యాప్టెన్.

"తెలుసు. నీ మీద కోపం లేదు నాకు. కోపం ఎప్పుడో పోయింది."

"అయితే క్షమించాను అను."

 అవతల టైర్లు బిగించే మెషీను చప్పుడు వినిపించింది.

"క్యాప్టెన్, నేను నీలా నమాజులు చేసినవాణ్ని కాను. తాగాను, తిరిగాను. తీర్పుకు వెళ్లే రోజు నా చేతిలో ఏమీ ఉండదు. నీ చెయ్యి తప్ప. దాన్ని కూడా ఇక్కడే వదిలేయమంటావా?"

నేను కలగజేసుకున్నాను. క్షమించినవాడికి దేవుడి దగ్గర అంతకన్నా ఎక్కువ దొరుకుతుందని చెప్పాను. అది నేను నమ్మే మాట. నా ప్రాణంలా నమ్మే మాట.

"నువ్వు ఆ రోజు వచ్చిన డ్రైవరువి కదూ?" అన్నాడు ఆయన. "ఆ మాట నేనూ విన్నాను తమ్ముడూ. అది గుండె పెద్దగా ఉన్నవాళ్లకి చెప్పింది. నాకు రాసిపెట్టి ఉన్నది ఇదొక్కటే. ఇది వదలను. అక్కడ కలుసుకుందాం."

నేను చిన్నపిల్లలకు చెప్పిన పాఠమే అది. అందులో ఒక్క మాట కూడా ఆయన తప్పు చెప్పలేదు. 

ఆ తర్వాత క్యాప్టెన్ చక్కెర జబ్బు ఉన్నా ఉపవాసాలు మొదలుపెట్టారు. వద్దన్నా వినలేదు. కుర్చీలో కూర్చుని అదనపు నమాజులు చేస్తూనే ఉండేవారు. కూతురు ఒకరోజు వాకిట్లో నన్ను ఆపి, "బ్రదర్, నాన్న మీ మాట వింటారు. ఆయన చచ్చిపోవాలని చూస్తున్నారా?" అని అడిగింది. నేను కారులో ఆయనతో అన్నాను, దేవుడు మీ నుంచి ఇంత కోరడం లేదని.

"దేవుడికి కాదు," అన్నారాయన. "అతను తీసుకున్నాక కూడా నాకు కొంచెం మిగలాలి కదా."

ఎంత మిగిలిందో నాకు తెలియదు. చలికాలంలో, ఆస్పత్రిలో, కూతురు పనిచేసే అంతస్తుకు కింది అంతస్తులో పోయారు. ఆఖరి రోజుల్లో కూడా నర్సులెవరో, వార్డు ఊడ్చే మొరాకో మనిషెవరో వచ్చి ఆయన చెయ్యి తట్టి వెళ్లేవారు. సెలైను పెట్టిన చెయ్యి అది.

జనాజాకు, అంటే ఆఖరి ప్రార్థనకు, డాలస్ చుట్టుపక్కల ఊళ్ల నుంచే కాదు, వేరే రాష్ట్రాల నుంచి కూడా వచ్చారు. కొందరు జట్టు జెర్సీలతో వచ్చారు. మసీదు పార్కింగ్ నిండి, కార్లు గడ్డి మీదికెక్కాయి. నమాజుకు ముందు ఇమాంగారు మా ఆచారం ప్రకారం శవపేటిక పక్కన నిలబడి చెప్పారు. ఈ మనిషి వల్ల ఎవరికైనా బాధ కలిగి ఉంటే, ఎవరి హక్కయినా పోయి ఉంటే, అల్లాహ్ కోసం క్షమించండి అని. ఆ మాట చెబుతూ నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను.

"క్షమించాం," అన్నారు జనం. ఒక్కరు కాదు, అందరూ. అరబిక్‌లో, ఇంగ్లిష్‌లో, ఉర్దూలో. గోడలు అదిరేలా అన్నారు. వాళ్లలో ఎవరికీ ఆయన ఏ అన్యాయమూ చేయలేదు.

ఇంటికొచ్చాక నేను హ్యూస్టన్‌కి ఫోన్ చేశాను. కబురు చెప్పగానే షాపాయన, చావు వార్త విన్నప్పుడు మేము చెప్పుకునే మాట నెమ్మదిగా అన్నాడు. మనమంతా దేవుడివాళ్లం, ఆయన దగ్గరికే తిరిగి వెళ్తాం అని. ఆ తర్వాత రావలసిన, క్షమించాను అన్న మాట కోసం నేను ఆగాను. దాన్ని అడిగే హక్కు నాకు లేదు. అడగవలసినవాడు అడిగేశాడు.

"జనం బాగా వచ్చారా?" అని అడిగాడు.

"లోపల చోటు లేక రోడ్డు దాకా నిలబడ్డారు."

"వస్తారు," అన్నాడు. "కస్టమర్ వచ్చాడు," అని ఫోన్ పెట్టేశాడు.